జాలాడి నీళ్ళ తోట

ఎర్రసబ్బు నురగ, తడిసిన మట్టి, కాలి కింద నలిగిన బచ్చలాకు, ఈ మూడూ కలిస్తే వచ్చే వాసన ఒకటుంది. అనంతపురంలో మేముంటున్న వీధి వెనక ఒక సన్నటి సందు ఉంది. పొద్దున ఎనిమిది గంటల వేళ, ఇళ్ళన్నిటిలో స్నానాలు సాగుతుండగా ఆ సందులో నడిస్తే, గోడల్లోంచి బయటికొచ్చిన గొట్టాల కింద నీళ్ళు కాలువ అంచు దాటి మట్టిలోకి ఇంకుతూ కనిపిస్తాయి. ఎవరూ నాటని బచ్చలి తీగ ఒకటి అక్కడ తనంతట తానే గోడెక్కి కూర్చుంది. అందరూ ముక్కు మూసుకుని గబగబా దాటిపోయే ఆ చోట నేను రోజూ కాస్త నెమ్మదిస్తాను. నాతో బడికొచ్చే తోటి టీచరు నవ్వుతూ, అంతసేపు ఏం చూస్తావని అడుగుతుంది. అది చెప్పాలంటే నేను మళ్ళీ పదేళ్ళ పిల్లనై నల్లమాడ దగ్గరి మా పల్లెకి పోవాలి.

మాది రెండు అంకణాల మట్టిమిద్దె. వెనక రెండు మంచాలు పట్టేంత ఖాళీ జాగా, ఆ జాగాకి ఒక మూల స్నానాలు చేసి గిన్నెలు తోముకునే నల్లటి బండ. ఆ బండనూ, దాని కింది నుంచి వీధిలోకి పారే చిన్న కాలువనూ కలిపి మేం జాలాడి అనేవాళ్ళం. నాయన పేరు దస్తగిరి. దూదేకి పరుపులు కుట్టే పని ఆయనది. ఏకే విల్లును భుజానికి తగిలించుకుని ఊరూరూ తిరుగుతూ పది పదిహేను రోజులకొకసారి ఇంటికొచ్చేవాడు. వచ్చినప్పుడు ఆయన మీసాల మీద, కనుబొమ్మల మీద, చెవుల సందుల్లో దూదిపోగులు అంటుకుని ఉండేవి, వయసుకు ముందే ముసలివాడైనట్టు కనిపించేవాడు. నాయన తల్లిని జేజి అనేవాళ్ళం. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి, మాట మాత్రం తుమ్మముల్లు. అమ్మ పేరు ఖాసింబీ. పొద్దున లేచింది మొదలు ఆమె పని ఒక్కటే అన్నట్టుగా నా జ్ఞాపకంలో మిగిలిపోయింది: నీళ్ళు మోయడం. ఊరికి తూర్పున, గుట్ట మలుపులో ఉన్న చేతిపంపు ఒక్కటే మా వీధికంతటికీ దిక్కు. వేసవి వస్తే అది పది దెబ్బలకు ఒక దోసెడు నీళ్ళు కక్కేది.

పీర్ల పండుగ నాడు బెల్లం, సోంపు వేసి కాల్చిన చోంగ్యా రొట్టెలు మా ఇంటి నుంచి వీధంతా పోయేవి. ఉగాదికి పక్కింటి నుంచి నెయ్యి కారే పూర్ణం ఓళిగలు మాకొచ్చేవి. మిగతా రోజులన్నీ రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి, లేకపోతే పచ్చిపులుసు. వానాకాలంలో చెనక్కాయ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళు ఒడి నిండా దొగ్గలికూర, చెంచలికూర గిల్లుకొచ్చేవాళ్ళు. ఆ రెండు నెలలే మా పళ్ళేల్లో పచ్చటి రంగు కనిపించేది. నేను ఐదో తరగతి చదువుతున్న ఆ ఏడు వానే రాలేదు. చేలల్లో కలుపు కూడా మొలవలేదు.

ఆ మాఘమాసంలో అమ్మకు ఐదో నెల. సంజెవేళ ఆమె గోడ పట్టుకుని నడవడం నేను చూస్తూనే ఉన్నాను, అలసటేమో అనుకున్నాను. తలుపు తన ఎదురుగానే బార్లా తెరిచి ఉన్నా, "మాబున్నీ, తలుపేసినావా?" అని అడిగేది. ఒకరోజు దీపం ముట్టించకముందు చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె ముందు చాపాను. ఆమె చెయ్యి చాచలేదు. నా వైపే చూస్తోంది, నవ్వుతోంది కూడా, కానీ చెంబు అందుకోలేదు. నేను చెంబును అటూ ఇటూ కదిపాను. ఆమె కళ్ళు కదలలేదు.  నేను జేజి దగ్గరికి పరిగెత్తాను.

బుధవారం బుధవారం ఊరికొచ్చే సర్కారు నర్సమ్మ అమ్మ కింది రెప్ప లాగి చూసి, సంజెపూట ఎట్లా ఉంటుందో అడిగి, ఇది రేచీకటి అంది.

"మాత్రలిస్తాను. అయినా ఉత్త మాత్రలతో అయ్యే పని కాదు ఖాసింబీ. దినామూ ఆకుకూర తినల్ల. మునగాకు, తోటకూర, బచ్చలి, ఏదైనా సరే. ఒంట్లో రగతం గూడా లేదు. కాన్పు నాటికి కష్టమైతాది."

జేజి వాకిట్లోంచే అంది: "ఆకు యాడుండాది తల్లీ ఈ ఊర్లో? మేకలకే లేదు."

 కదిరి సంతకు పోయినవాళ్ళు వారానికొకసారి ఒక కట్ట తెస్తే, అది బస్సులో వాడిపోయి, ఇంటికొచ్చేసరికి పిడికెడయ్యేది. అమ్మ అందులోనూ నాకొక ముద్ద కలిపి పెట్టేది.

శివరాత్రి అయిపోయి చలి వెనక్కి తగ్గిన వారం, మా రామాంజులు సారు ఐదో తరగతి పిల్లలందరినీ ఒక బస్సులో లేపాక్షికి తీసుకుపోయాడు. నాకు పోవాలని లేదు. సాయంత్రం అమ్మ పక్కన నేను లేకపోతే ఎట్లా అని. అమ్మే నా జడలు బిగించి వేసి, చిత్రాన్నం మూట చేతికిచ్చి, "పొద్దు గుంకేలోపల వస్తారంట గదా, పో" అని తోసింది. బస్సు ఓబులదేవరచెరువు దాటి గోరంట్ల వైపు తిరిగేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంది. దారి పొడుగునా చేలు ఎర్రగా, నున్నగా, ఊడ్చిన వాకిళ్ళలా ఉన్నాయి. గుట్టల వాలులో మాత్రం ఒక్క ఆకూ లేని మోదుగ చెట్లు నిప్పు అంటుకున్నట్టు పూసి ఉన్నాయి. రోడ్డు పక్క కానుగలు కొత్త చిగురు తొడిగి మెరుస్తున్నాయి. నీళ్ళు లేని నేలలో ఈ చెట్లకు ఇంత పచ్చదనం ఎక్కణ్ణుంచి వచ్చిందని నేను కిటికీ కమ్మీకి నుదురు ఆనించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

లేపాక్షిలో బసవన్న మెడలోని గంటల కింద నిలబడి ఎవరెంత ఎత్తున్నారో కొలుచుకున్నాం. గుళ్ళో నేలకు ఆనని స్తంభం కింద సారు తన తువ్వాలు దూర్చి అవతలి నుంచి లాగితే మేమంతా నోళ్ళు తెరిచాం. పైకప్పు మీది బొమ్మల్లో ఆడవాళ్ళ చీరల అంచులు చూసి మెడలు నొప్పి పుట్టేదాకా తలలు ఎత్తుకునే తిరిగాం. మధ్యాహ్నం నీడలో కూర్చుని చిత్రాన్నాలు విప్పాక తెలిసింది, తెచ్చుకున్న నీళ్ళు అయిపోయాయని. అక్కడి చేతిపంపుకు పిడి లేదు. సారు రెండు బిందెలు పట్టుకుని, "నీళ్ళు మోసే అలవాటు ఎవరికుండాది?" అని అడిగితే నేను లేచాను. నన్ను వెంటబెట్టుకుని ఊరి చివరి ఇళ్ళ వైపు నడిచాడు.

మూడో ఇల్లు మార్తమ్మది. ఆ పేరు తర్వాత సారు చెబితే తెలిసింది. మెడలో నల్లదారానికి చిన్న సిలువ, పిక్కల మీదికి ఎత్తి దోపిన చీర, చేతిలో కొడవలి, అరవై దాటిన మనిషి. తనూ కోడలూ కూలికి పోతారట, ఆ రోజు పని లేక ఇంట్లో ఉంది. సారు నీళ్ళడిగితే రెండు కడవలు మా బిందెల్లోకి వంచి, మిగిలిన ఒక్క కడవ మీద మూత పెట్టింది. నేను ఆమె చేతుల్ని చూడడం లేదు. ఆమె భుజం మీదుగా వెనక పెరట్లోకి చూస్తున్నాను.

పెరడు మా ఇంటి వెనక జాగా కంటే పెద్దదేమీ కాదు. కానీ అంతా ఆకే. స్నానం బండ కింది నుంచి వేలెడు వెడల్పు కాలువ ఒకటి పాములా మెలికలు తిరుగుతూ అరటిని చుట్టి, చేమాకు మడిలోకి పోయి, అక్కడి నుంచి తోటకూర మడిలో ఇంకిపోతోంది. చేతులు కడుక్కునే రాయి పక్కన బొప్పాయి. పొయ్యింటి గుమ్మం ముందు, బియ్యం కడిగిన నీళ్ళు పారబోసే చోట మిరప. గోడ వారన మునగ, దాని మీదికి బచ్చలి. రోడ్డంతా ఎర్రమట్టి చూసి చూసి వచ్చిన నా కళ్ళకు ఆ పచ్చదనం గుచ్చుకున్నట్టయింది.

"ఇన్ని నీళ్ళు యాడివవ్వా?" అని అడిగాను.

"నీళ్ళు యాడుండాయి పాపా. నేనూ మీ అమ్మ మాదిరే మోసుకొచ్చుకుంటాండా," అంది మార్తమ్మ. "మీ ఇంట్లో మొగాలు కడుక్కోరా? ఆ నీళ్ళు యాడికి పోతాయి?"

"వీధిలోకి."

"ఆ. మా ఇంట్లో పోవు. అంతే."

నా మొహంలో ఏం కనిపించిందో, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. సొర పాదు పక్కన నేలకు సమానంగా ఒక చదును రాయి ఉంది. ఎత్తి చూపించింది. కింద మూతి వరకు పాతిపెట్టిన పాత కుండ, అందులో సగానికి నీళ్ళు. చెయ్యి పెట్టమంది. చల్లగా తగిలాయి. కుండకు సన్నగా చెమ్మ ఊరుతుందనీ, ఆ చెమ్మను వేళ్ళు వెతుక్కుంటూ వచ్చి తాగుతాయనీ, ఒకసారి నింపితే మూడు నాలుగు రోజులు చూడక్కర్లేదనీ చెప్పింది. సారు బయటి నుంచి పిలుస్తున్నాడు. నేను కదల్లేదు. అడగాల్సింది ఇంకా అడగలేదు.

"రేచీకటికి ఏ ఆకు మంచిదవ్వా?"

మార్తమ్మ చేతిలోని కొడవలి ఆగింది. "ఎవరికి?"

"మా అమ్మకు. కడుపుతో ఉండాది."

ఆమె మునగ దగ్గరికి పోయి నా మోచేతంత లావు కొమ్మ ఒకటి నరికింది. బచ్చలి తీగలు నాలుగు కోసి తడిగుడ్డలో చుట్టింది. ఇంట్లోకి పోయి తోటకూర విత్తనాలు చిన్న పొట్లం కట్టి తెచ్చింది. అన్నీ నా చేతుల్లో పెట్టాక కూడా చెయ్యి వదల్లేదు.

"ఇది బాగా విను. మోసుకొచ్చే నీళ్ళు ఒక్క చుక్క గూడా పొయ్యొద్దు. మోసేది మీ అమ్మే గదా. వాడిన నీళ్ళే పొయ్యల్ల. దినామూ పొద్దున్నే పోయి చూడల్ల. వచ్చేది వస్తాది."

తిరుగు బస్సులో ఆ మునగ కొమ్మ నా కాళ్ళ మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాను. పిల్లలు కట్టెలు కొట్టుకొచ్చిందని నవ్వారు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా కొమ్మ గడ్డానికి తగిలేది. బొమ్మలూ, బసవన్నా, వేలాడే స్తంభం ఏవీ నాకు గుర్తు రాలేదు. మా ఇంట్లో రోజుకెన్ని చెంబుల నీళ్ళు వీధిలోకి పోతున్నాయో వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటూ ఊరు చేరాను.

మర్నాడే గడ్డపార ఎత్తాను. మా జాగాలో నేల జానెడు లోతుకే కంకర. గడ్డపార తగిలిన చోటల్లా ఖణేలుమని మోగి మోచేతుల్లోకి పాకేది. జేజి గొంతు లేచింది.

"జాలాడి కాడ తవ్వితే గోడ తడిసి పడతాది. దోమలు ముసురుతాయి. ఆడపిల్లవు, గడ్డపారేంది నీకు?"

"తవ్వుకోనీలే అత్తా," అంది అమ్మ గిన్నెలు తోముతూ. "రెండు దినాలు చూసి తనే చాలించుకుంటాది."

జేజి తిట్టిన తిట్లకంటే అమ్మ అన్న ఆ మాటే నన్ను గట్టిగా పట్టుకుంది. చాలించుకోకూడదని ఆ నిమిషమే అనుకున్నాను. బడికి ముందొక గంట, బడయ్యాక ఒక గంట, వారం పాటు తవ్వాను. కంకర గంపతో ఎత్తి వీధి గుంతలో పోశాను. పక్కింటి ఎద్దుల కొట్టంలోంచి మాగిన పేడ అడిగి తెచ్చాను. వీధిలోకి పోయే కాలువకు మట్టికట్ట వేసి, పక్కకు తిప్పి, మడిలోకి మళ్ళించాను. మునగ కొమ్మ నాటి, ఎండకు కొన ఎండిపోకుండా పేడముద్ద పెట్టాను. తడిగుడ్డలో దాచిన బచ్చలి తీగలు గుచ్చి, తోటకూర విత్తనాలు ఇసకలో కలిపి చల్లాను. మొదటిరోజు అమ్మ స్నానం చేసిన నీళ్ళు, తెల్లటి నురగతో, ఆ కొత్త కాలువలో తడబడుతూ వచ్చి మడిలో ఆగినప్పుడు నేను బండ పక్కనే కూర్చుని, చివరి చుక్క ఇంకేదాకా లేవలేదు.

ఆరోరోజు మొలకలు కనిపించాయి. పన్నెండోరోజు బడి నుంచి వచ్చేసరికి మడిలో ఒక్క మొలక లేదు. మేక గిట్టల గుర్తులు, పక్కకు ఒరిగిన మునగ కొమ్మ, తొక్కిన బచ్చలి మిగిలాయి. జేజి చూస్తోందని ఏడవలేదు. కొమ్మ నిలబెట్టి మట్టి తొక్కాను. నాయన పాత చెప్పులు వేసుకుని, కొడవలి తీసుకుని చెరువు కట్ట మీదికి పోయాను. తుమ్మకంప కొట్టి తాడు కట్టి ఈడ్చుకొచ్చాను. మూడుసార్లు తిరిగాను. మడి చుట్టూ కంప నిలిపేసరికి పొద్దు వాలింది, చేతుల నిండా ముళ్ళు. జేజి నన్ను దీపం దగ్గర కూర్చోబెట్టుకుని పిన్నీసుతో ఒక్కొక్క ముల్లూ తీస్తూ, "మీ తాత గూడా ఇట్లే మొండోడు," అంది. అది తిట్టో పొగడ్తో నాకు తెలియలేదు. పొట్లంలో మిగిలిన విత్తనాలు మర్నాడు మళ్ళీ చల్లాను.

ఉగాది దాటాక ఎండ ముదిరింది. తోటకూర నాలుగాకులు వేసింది, బచ్చలి కంప మీదికి పాకింది, కానీ మధ్యాహ్నానికి అన్నీ తలలు వాల్చేసేవి. పంపు ఇంకా సన్నగిల్లింది. ఇంట్లో స్నానాలు రోజు విడిచి రోజుకు మారాయి. మడికి వచ్చే నీళ్ళు సగమయ్యాయి. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి చూస్తే బచ్చలి ఆకులు నూనెలో ముంచి తీసినట్టు మెత్తబడి ఉన్నాయి. ఇంట్లో ఎవరూ లేరు. తాగే నీళ్ళ కడవ నిండుగా ఉంది. మార్తమ్మ చెప్పిన మాట నాకు గుర్తు రాలేదని ఇప్పుడు కూడా అబద్ధం చెప్పలేను. బాగా గుర్తొచ్చింది. అయినా ముంచి పోశాను, ఒక చెంబు, తర్వాత ఇంకొక చెంబు, కడవ అడుగు కనిపించేదాకా.

ఆ రోజే నాయన ఊళ్ళు తిరిగి ఇంటికొచ్చాడు. దాహమని అడిగాడు. అమ్మ కడవలో చెంబు ముంచితే అడుగు గీసుకున్న చప్పుడొచ్చింది.  ఆయన విల్లు దించి మొహం తుడుచుకుంటుండగానే ఖాళీ కడవ చంకనెత్తుకుని బయటికి పోయింది. పొద్దు గుంకింది. ఆమెకు దారి కనిపించదు. అది ఆ ఇంట్లో అందరికంటే నాకు బాగా తెలుసు. నేను చెప్పాలి, నేనే తెస్తానని కడవ లాక్కోవాలి. కానీ నీళ్ళు ఏమయ్యాయని అడుగుతారని భయపడ్డాను. గుమ్మంలో నిలబడి ఆమె గోడ పట్టుకుంటూ, గోడ అయిపోయాక పాదంతో నేల తడుముకుంటూ పోవడం చూశాను. ఆ తర్వాత పరిగెత్తాను. పంపు మలుపు చేరేసరికి ఆమె చప్టా కింది బురదలో పక్కకు పడి ఉంది. ఒక చేత్తో కడుపు పట్టుకుని ఉంది. కడవ మెడ విరిగి దూరంగా దొర్లింది.

నాయన ఆమెను ఎత్తుకొచ్చాడు. మర్నాడు తెల్లారే కదిరి బస్సులో ఆసుపత్రికి తీసుకుపోయాడు. జేజి, నేను మిగిలాం. జేజి తస్బీ పూసలు తిప్పుకుంటూ గోడకు ఆనుకుంది. నేను పెరట్లోకి పోయి కంప తీసేసి, తోటకూర పీకడం మొదలుపెట్టాను. రెండు మొక్కలు పీకేసరికి వెనక నుంచి చెయ్యి పడింది.

"ఏం చేస్తాండావ్?"

అప్పుడు ఏడ్చాను. కడవ నీళ్ళు నేనే పోశానని చెప్పాను. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. 

"పీకితే ఏమొస్తాది?" అంది జేజి. "ఇంటికొచ్చినాక మీ అమ్మకు ఏం పెడతావు? నాటు మళ్ళా."

రెండు మొక్కలనూ తిరిగి నాటాను. ఒకటి బతికింది.

మర్నాడు తెల్లారుజామున, ఫజర్ నమాజు వేళ, నాకు మెలకువ వచ్చి చూస్తే, జేజి ఎప్పుడూ కూర్చునే చోట, బండ మీద, పీట లేదు. ఆమె దాన్ని మడి గట్టు మీదికి తెచ్చి వేసుకుంది. బచ్చలి మొదలు వైపు తిరిగి కూర్చుని నమాజుకు వజూ చేస్తోంది. చేతులు కడిగిన నీళ్ళు, పుక్కిలించిన నీళ్ళు, మోచేతుల నుంచి జారిన నీళ్ళు, చివరికి కాళ్ళ మీద పోసుకున్న నీళ్ళు, ఒక్క చుక్క బయటికి పోకుండా మడిలోకి దిగాయి. నన్ను చూసి కూడా చూడనట్టే లేచి చాప పరుచుకుంది. ఆ రోజు నుంచి ఐదు పూటలా ఆమె పీట అక్కడే. గోడ తడుస్తుందన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

మూడోరోజు అమ్మ వచ్చింది. మణికట్టుకు కట్టు, మొహం పాలిపోయి ఉంది, కడుపులో బిడ్డ మాత్రం కదులుతోందని చెప్పారు. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని నీళ్ళ సంగతి చెప్పాను. అమ్మ కళ్ళు మూసుకునే విన్నది.

"చెప్పింటే నువ్వే పోయింటావు గదా," అంది. "చెప్పల్ల మాబున్నీ. ఏదైనా చెప్పల్ల."

అంతకుమించి ఎప్పుడూ అనలేదు. నేను మాత్రం అప్పటి నుంచి పొద్దున రెండు కడవలు, సాయంత్రం ఒకటి మోశాను. మోసిన నీళ్ళలో ఒక్క చుక్క మడికి పొయ్యలేదు. నేను మార్తమ్మ కుండ సంగతి చెబితే నాయన చప్టా దగ్గర్నుంచి మెడ విరిగిన కడవ వెతికి తెచ్చాడు. కింది భాగం చెక్కుచెదరలేదు. దాన్ని మునగ పక్కన పాతాడు. ఊళ్ళు తిరిగినప్పుడు జనాలు పారేసిన పాత కుండలు ఇంకో రెండు తెచ్చాడు. గిన్నెలు తోమిన నీళ్ళలో బూడిద అడుగుకు దిగాక, పైతేట వాటిలో పోసేవాళ్ళం. ఎండ మండుతూనే ఉంది. కానీ ఆకులు వాలడం తగ్గింది. పది రోజులకు మునగ కొమ్మ మీద, పేడముద్ద కింద, పెసరగింజంత పచ్చటి కణుపులు పైకి తేలాయి.

మొదట కోసింది తోటకూర, ఒక చేటెడు. జేజి ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి చేసి, సంగటి ముద్ద మధ్యలో గుంట పెట్టి అమ్మ పళ్ళెంలో వడ్డించింది. నేను అడిగినా నాకు పెట్టలేదు. "నీది రేపు," అంది. తర్వాత బచ్చలి పప్పు. నెలన్నరకు మునగాకు, వేయించిన చెనిగింజల పొడి చల్లి. పూట తప్పకుండా ఏదో ఒక ఆకు. మాత్రలు కూడా అమ్మ మింగుతూనే ఉంది. ఏది ఎంత పని చేసిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అప్పుడు అనిపించలేదు.

వైశాఖం వెళ్ళిపోతున్న రోజుల్లో ఒక సంజెవేళ, ఇంకా దీపం పెట్టలేదు, జేజి బచ్చలాకు తరుగుతోంది, నేను గుమ్మంలో కూర్చుని కాళ్ళు ఊపుతున్నాను. అమ్మ ఇంట్లోంచి వస్తూ ఆగింది.

"మాబున్నీ, లంగా అంచు యాడ చింపుకున్యావే?"

వంగి చూసుకున్నాను. కంపకు తగులుకుని రెండు వేళ్ళ మేర చిరిగింది. ఆ వెలుతురులో నాకే సరిగా కనిపించలేదు. తల ఎత్తాను. జేజి కత్తి ఆగింది.  అమ్మ నా దగ్గరికొచ్చి, గోడ పట్టుకోకుండా నడిచొచ్చి, చిరుగును వేళ్ళతో పట్టి చూసి, "సూది తెస్తాను, ఉండు," అని లోపలికి పోయింది. జేజి మళ్ళీ ఆకు తరగడం మొదలుపెట్టింది, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

తొలకరికి ముందు తమ్ముడు మస్తాన్ పుట్టాడు. ఆ ఏడు వానలు కూడా అంతంతమాత్రమే. అయినా మరుసటి మాఘానికల్లా మా వీధిలో ఏడిళ్ళ జాలాడి కాలువలు పక్కకు తిరిగాయి. మా మునగ కొమ్మలు అడిగిన వాళ్ళందరికీ నేనే నరికి ఇచ్చాను, ఇచ్చేటప్పుడు చెయ్యి వదలకుండా మార్తమ్మ చెప్పిందే చెప్పాను. ఆమెను మళ్ళీ చూడలేదు. పెద్దదాన్నయ్యాక రెండుసార్లు పోయి వెతికాను. ఆ ఇళ్ళ చోట ఇప్పుడు బస్సులు నిలిపే జాగా ఉంది, అడిగితే తెలిసినవాళ్ళు లేరు.

మా ఇంట్లోనూ ఎంతో పోయింది. జేజి పోయింది. నాయన పోయాడు, మిషను పరుపులొచ్చాక ఆయన బతికుండగానే విల్లు మూలకు చేరింది, ఆ నారి చప్పుడు మస్తాన్ పిల్లలకు ఎట్లా ఉంటుందో చెప్పినా అర్థం కాదు. మట్టిమిద్దె పోయి స్లాబు వచ్చింది. చేలల్లో కలుపుమందు కొట్టడం మొదలయ్యాక చెంచలికూర పేరు కూడా పోయింది. పంపు దగ్గర ఉత్త గొట్టం మిగిలింది, ఇంటికి కొళాయి వచ్చింది, అది కూడా వారంలో నాలుగు రోజులే పారుతుంది.

మొన్న మాఘంలో మస్తాన్ బండి నిలుపుకోవడానికి ఇంటి వెనక జాగా అంతా సిమెంటు చేయించాడు. నేను పోయేసరికి మేస్త్రీ పారతో నేల చదును చేస్తున్నాడు. అమ్మకు డెబ్బై దాటాయి. కర్ర పట్టుకుని వచ్చి, స్నానాల గది గొట్టం బయటికొచ్చే చోట నిలబడింది. కర్రతో నేల మీద అటొక గీత, ఇటొక గీత గీసింది, మూరెడు వెడల్పు, నాలుగు మూరల పొడుగు.

"ఈడ వెయ్యొద్దు," అంది.

"ఊరికే బురదైతాదమ్మా," అన్నాడు మేస్త్రీ. "అంతా ఒకే మట్టంగా పోసేస్తే కడుక్కునేదానికి బాగుంటాది."

మస్తాన్ కూడా ఏదో చెప్పబోయాడు. అమ్మ వాడి వైపు చూడలేదు. కుర్చీ తెప్పించుకుని, తను గీసిన గీతల మధ్య, తడి నేల మీద వేయించుకుని కూర్చుంది.

"నువ్వు పోసుకో అప్పా, చుట్టూ పోసుకో," అంది. "నేనీడ ఉంటా."

సాయంత్రం సిమెంటు గట్టిపడేదాకా ఆమె అక్కడి నుంచి లేవలేదు.